ఇద్దరికీ కలిపి ఒక డాక్టరు

"శనివారంలోగా మనిద్దరికీ కలిపి ఒక మంచి మనసు డాక్టరుని వెతుకు. నువ్వే వెతకాలి. లేకపోతే ఆదివారం బస్సెక్కి రొసారియోలో మా చెల్లెలి దగ్గరికి పోతా" అని సోమవారం పొద్దున్నే చెప్పేసింది మిర్తా. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె గడువు పెట్టి మాట్లాడటం అదే మొదటిసారి. ఆమె మొగుడు ఎవరిస్తో హడలిపోయాడు.

అతను బ్యూనస్ ఐరిస్‌లో పాత భవనాల లిఫ్టులు బాగుచేస్తాడు. చదువు ఆరో తరగతితో సరి. ఆ ఊళ్లో మనసు డాక్టరు లేని మనిషి అతనొక్కడేనేమో. బేకరీ ఆయనకు ఉన్నాడు, పోస్ట్‌మ్యాన్‌కు ఉన్నాడు. మిర్తా పదకొండేళ్లుగా లీబర్మన్ మేడం దగ్గరికి వెళ్తోంది. అడగడమే ఆలస్యం, ప్రతివాడూ "మా డాక్టరు దగ్గరికి వెళ్లు" అనేవాడే.

పై అంతస్తులో ఉండే ఒనోఫ్రే పంపిన చోట గోడ నిండా సర్టిఫికెట్లే.

"మీ లైసెన్సు నంబరు ఎంతండీ?" అని అక్కడి ఆయన్ని అడిగాడు ఎవరిస్తో.

"నేను జీవితానికి దారి చూపిస్తాను. దానికి లైసెన్సు అక్కర్లేదు."

"లిఫ్టు తాడు మార్చడానికే నాకు లైసెన్సు కావాలయ్యా" అని ఎవరిస్తో లేచి వచ్చేశాడు.

బుధవారం అతనికి తెలివైన ఆలోచన ఒకటి తట్టింది. నేరుగా లీబర్మన్ మేడం దగ్గరికే వెళ్లాడు. "నా తప్పులన్నీ మీకు ముందే తెలుసు కదమ్మా. ఇంకొకళ్లకి మొదట్నుంచీ చెప్పుకోవడం దేనికి? మీరే మా ఇద్దర్నీ చూసేయండి."

"నా దగ్గరికి ఎవరొస్తారో, ఏం చెబుతారో నేను బయటపెట్టను. ఒకరి మాటలు ఏళ్ల తరబడి విన్నవాళ్లు ఇద్దరికీ మధ్యవర్తిగా కూర్చోకూడదు. కూర్చుంటానన్న వాళ్లని నమ్మకండి" అందామె. "లైసెన్సు అడగండి. జంటలతో పనిచేయడం విడిగా నేర్చుకున్నారా, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, అదీ అడగండి."

శుక్రవారం ఊళ్లోని మనసు డాక్టర్ల జాబితా ఒకటి సంపాదించి, ముందేసుకుని ఫోన్లు చేశాడు. మొదటాయన చూసేది పిల్లల్నేనట. రెండో ఆయన "మీ ఆవిడ ఏమన్నా ఊ కొట్టండి, అంతే" అన్నాడు. ఆ వైద్యం ఇరవై రెండేళ్లుగా జరుగుతూనే ఉంది కాబట్టి ఎవరిస్తో ఫోన్ పెట్టేశాడు.

మూడో ఆవిడ పేరు ఇనెస్ బర్రగాన్. లైసెన్సు నంబరు చెప్పింది. జంటల కోసం మూడేళ్లు ప్రత్యేకంగా చదివానంది. తొమ్మిదేళ్ల అనుభవం. ఎవరి పక్షమూ వహించనంది. అతను జాబితాలో టిక్కు పెట్టబోతుంటే ఎదురు ప్రశ్న వేసింది.

"ఇంతకీ రావాలని ఎవరికి ఉంది? మీకా, మీ ఆవిడకా?"

వంటింటి గుమ్మంలో మాతే అనే ఆకు టీ గిన్నె పట్టుకుని మిర్తా నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో తెలియదు.

"ఆవిడే..." అని ఆగాడు. మిర్తా వైపు చూశాడు. "నాకేనండీ. రావాలని నాకే ఉంది."

మిర్తా గొట్టంతో ఒక గుక్క పీల్చి, గిన్నె అతని చేతికిచ్చింది.

"పొద్దున పూటకి అపాయింట్‌మెంట్ అడుగు" అంది. "సాయంత్రమైతే నువ్వు కుర్చీలోనే నిద్రపోతావు. మళ్లీ నేనొక్కదాన్నే మాట్లాడాలి."