ఖాళీగా తిరుగుతున్న మెషిన్లు

‘లైసెన్సులన్నీ వాడకంలో ఉన్నాయి. కాసేపాగి ప్రయత్నించండి.’

తెర మీద మళ్ళీ అదే మాట. టీరా బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. గోథెన్‌బర్గ్ నగరంలో నది మీద వంతెన ముక్క ఒకటి క్రేనుకు వేలాడుతోంది. గాలి పెరుగుతోంది. అది ఎంత గాలిని తట్టుకుంటుందో లెక్క తేలితే తప్ప అక్కడివాళ్ళు దాన్ని ఎత్తలేరు, దించలేరు.

కంప్యూటర్లకు లోటు లేదు. ఇక్కడ కొన్ని, ఉత్తరాన లూలియో ఊళ్ళో ఇంకొన్ని. కానీ వంతెన లెక్కలు కట్టే ప్రోగ్రాంకు కొన్నవి పన్నెండు లైసెన్సులే, అంటే ఒకేసారి పన్నెండు కంప్యూటర్ల మీదే నడుస్తుంది. ఆ పన్నెండు లైసెన్సులను అడిగినవాళ్ళకు పంచేది సర్వర్. తీసుకున్నవాళ్ళు అరగంట ఊరుకుంటే తిరిగి లాక్కుంటుంది కూడా. ఇప్పుడు పన్నెండూ ఒక్క పేరు మీదే ఉన్నాయి. ఇద్రిస్.

“నావి కావంటే వినరేంటి?” అన్నాడు ఇద్రిస్. కాంట్రాక్టు మీద వచ్చిన ఇంజినీరు. “నా అకౌంటు పొద్దున్నే మూసేశారుగా!”

“మూయించింది నేనే,” అన్నాడు సెక్షన్ హెడ్ టోర్కెల్, ఇద్రిస్ గుర్తింపు కార్డును జేబులో వేసుకుంటూ. “ఇంకా తెరిచి ఉంచి పూలదండ వెయ్యమంటావా?”

“ఇద్రిస్ పేరు మీద నడుస్తున్న పనులు ఆపేస్తున్నా,” అంది టీరా. సర్వర్ చూసేది ఆమే.

“ముట్టుకోకు! ఏ కస్టమరు లెక్కో సగంలో ఉంటే? ఎవరు సమాధానం చెబుతారు, నువ్వా?”

కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉంది డైరెక్టర్ గున్వోర్. “తొందరగా తేల్చండి. ఇది ఇద్రిస్ పనే అయితే అతని కాంట్రాక్టు ఇవాళ్టితో సరి.”

ఇద్రిస్ కుర్చీ లాక్కుని టీరా పక్కన కూర్చున్నాడు.

టీరా ఒక పనిని తెరిచి చూసింది. వంతెన లేదు. ఒక్క దూలం, దాని మీద బరువేమీ లేదు. కంప్యూటరు దానికే మళ్ళీ మళ్ళీ లెక్క కడుతోంది. అది ముగియగానే అలాంటిదే మరొకటి దానంతటదే మొదలవుతోంది. ఇంకో పని తెరిచింది. అందులోనూ అదే దూలం.

ఆమెకు నిన్నటి ఫీకా, కాఫీ విరామం, గుర్తొచ్చింది. అందరూ కాఫీ చుట్టూ చేరినప్పుడు టోర్కెల్ దాల్చినచెక్క బన్ను నములుతూ గొప్పలు పోయాడు. “మా బిల్డింగు కింద అందరికీ ఉన్న లాండ్రీ గదిలో వేళ బుక్ చేసుకున్నా సరే, అరగంటలోగా బట్టలు వేయకపోతే ఆ వేళ ఇంకొకరికి పోతుంది. నేనేం చేస్తానో తెలుసా? ఖాళీ మెషిన్ తిప్పేసి పైకొచ్చేస్తా. నింపాదిగా బట్టలు తెచ్చుకుంటా. ఏ ముసలమ్మా నోరెత్తలేదు!” అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే అతను, “ఇక్కడ మాత్రం నాకు కావలసినప్పుడు ఒక్క లైసెన్సూ దొరికి చావదు,” అన్నాడు.

గొప్పలు సాక్ష్యం కావు. టీరా పనులు మొదలైన సమయాలు చూసింది. ఆమె వేలు తెర మీద ఆగిపోయింది.

“గున్వోర్, ఇలా రా. ఇవన్నీ ఉత్త దూలాలు, సర్వర్ లైసెన్సులు లాక్కోకుండా తిప్పుతున్నవి. పోయేదేమీ లేదు.”

గున్వోర్ వంగి చూసింది. “ఆపెయ్.”

టీరా ఆపేసింది. పన్నెండు లైసెన్సులూ తిరిగొచ్చాయి. వంతెన లెక్క కదిలింది.

“హమ్మయ్య,” అన్నాడు టోర్కెల్. “ఇక ఇద్రిస్‌ని గేటు దాకా దింపొస్తా.”

“ఆగు,” అంది టీరా. “ఈ ఆఖరి పని మొదలైంది ఇద్రిస్ అకౌంటు మూసేశాక. మూసిన అకౌంటు పేరుతో పని నడిపే అధికారం ఇక్కడ ఇద్దరికే ఉంది.”

“ఎవరెవరికి?” అంది గున్వోర్.

“ఒకటి నేను. వీటిని ఆపేస్తానన్నదీ నేనే.”

టోర్కెల్ చెయ్యి జేబులోని కార్డు మీద బిగుసుకుంది.

“రెండో మనిషి?”

“ఖాళీ మెషిన్ తిప్పేసి పైకొచ్చేసే మనిషి,” అంది టీరా. “టోర్కెల్.”