నాలుగు ఆటల కన్నీళ్లు

సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చించే మనిషి ముఖం ఎవరికీ గుర్తుండదు. చెయ్యి చాపుతాడు, సగం ముక్క మన చేతిలో పెడతాడు, మనం చీకట్లోకి వెళ్లిపోతాం. ఈ కథ అలాంటి ఒక మనిషిది. ఇరవై రెండేళ్లుగా ఒకే గేటు కాశాడు కాబట్టి హాల్లో అందరూ ఆయన్ను గేటు బాబాయి అనేవారు.

ఆ శుక్రవారం కొత్త బొమ్మ పడింది. పందొమ్మిదేళ్ల కుర్రాడు ప్రేమించిన పిల్లను చంపే కథ. ఉదయం ఆటకే హాలు నిండిపోయింది. జనమంతా లోపలికి వెళ్లాక బాబాయి ఎప్పటిలాగే తలుపు ఓరగా తీసి తెర వైపు చూశాడు. కళ్లజోళ్ల దుకాణం. అద్దాల బల్ల వెనక నీలం కోటు వేసుకున్న అమ్మాయి. ఆయన తలుపు ఇంకాస్త తీసి అక్కడే నిలబడ్డాడు.

ఆరేళ్ల కిందట ఆయన కూతురు అలాంటి దుకాణంలోనే, అలాంటి కోటులోనే చనిపోయింది. కళ్లజోడు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు ఆ తర్వాత రోజూ రావడం మొదలుపెట్టాడు. రావద్దని చెప్పింది. యజమాని చేత చెప్పించింది. ఏడో వారం వాడు కత్తితో వచ్చాడు. ఆ పిల్లకు వాడి గురించి తెలిసిందల్లా వాడి కళ్లజోడు నంబరు ఒక్కటే.

తెర మీద మాత్రం ఆ అమ్మాయి వాడితో షికార్లు తిరిగింది. వాడు కొనిచ్చిన చెప్పులు తొడుక్కుంది. చివరికి ఇంకొకడి బండెక్కి, వాడిని చూసి పకపకా నవ్వింది. అప్పుడు వాడు పొడిచాడు. పొడిచి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని, వానలో గుక్కపట్టి ఏడ్చాడు. హాల్లో ముందు ఈలలు వినిపించాయి, ఆ తర్వాత ముక్కులు చీదుకుంటున్న చప్పుడు.

బాబాయి మేనేజరు గదికి వెళ్లాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి మంచినీళ్లు ఇప్పించాడు.

"ఇది మా పిల్ల కథ బాబూ."

"పేర్లు లేవు, ఊరు మార్చారు. అంతా కల్పితమని మొదట్లోనే వేశారు కదా బాబాయ్."

"కల్పించింది మా పిల్ల తప్పొక్కటే బాబూ. మిగతాదంతా జరిగిందే."

మేనేజరు తల దించుకున్నాడు. "నా చేతుల్లో ఏముంది చెప్పు? బొమ్మ వేయమంటే వెయ్యాలి, తియ్యమంటే తియ్యాలి. ఓ మూడు వారాలు ఇంటిపట్టున ఉండు, పో."

ఇంటిపట్టున ఉంటే ఎందుకని భార్య అడుగుతుంది. అందుకే బాబాయి తిరిగి గేటు దగ్గరికే వచ్చాడు. రోజుకు నాలుగు ఆటలు. ఈలల వేళ దగ్గరపడగానే సైకిల్ స్టాండు దాకా నడిచివెళ్లి, సద్దుమణిగాక వచ్చేవాడు. ఏం బొమ్మ ఆడుతోందని భార్య అడిగితే, "ఏదో కొట్లాటల బొమ్మలే" అనేవాడు.

పదో రోజున కుళాయి దగ్గర ఎదురింటావిడ, మనసులో ఏ కల్మషమూ లేకుండానే, బాబాయి భార్యను అడిగేసింది. "ఏమనుకోకు వదినా. మీ అమ్మాయి కూడా ముందు వాడికి ఆశపెట్టిందా? సినిమా చూసొచ్చి మావాళ్లంతా అదే అనుకుంటున్నారు."

ఆమె సగం నిండిన బకెట్టు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. భర్త గడపలో అడుగు పెట్టగానే ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ బొమ్మకు టిక్కెట్లు చించుతోంది నువ్వేనా?"

ఆయన గడప మీదే కూర్చుండిపోయాడు.

"దాని తప్పేమీ లేదని నలుగురూ నమ్మడానికి ఆరేళ్లు పట్టింది. రెండున్నర గంటల్లో అంతా తుడిచేశారు కదయ్యా!" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి కుళాయికి ఆయనే వెళ్లాడు.

ప్లీడరును కలిశాడు. కేసు వేయవచ్చు, కానీ తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా బొమ్మ ఊరూరా ఆడేసి ఉంటుంది అన్నాడాయన.

మూడో వారం, ఒక మధ్యాహ్నపు ఆటకు నెత్తిన ముసుగు కప్పుకున్న ఒకామె వచ్చింది. టిక్కెట్టు అందించి, సగం ముక్క తీసుకోకుండా నిలబడిపోతే బాబాయి తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. కోర్టు వరండాలో రెండేళ్లపాటు బల్లకు ఆ చివర కూర్చున్న మనిషి. హంతకుడి తల్లి. ఇద్దరూ అప్పుడూ పలకరించుకోలేదు, ఇప్పుడూ పలకరించుకోలేదు.

ఆట ముగిసేముందు బాబాయి సైకిల్ స్టాండులో నిలబడి ఉండగా, ఆమె వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నయ్యా" అంది. అని, అలా పిలిచే హక్కు తనకు ఉందో లేదో తెలియక ఆగిపోయింది.

"చెప్పమ్మా."

"మావాడు ఏడవలేదన్నయ్యా. ఆ రోజు ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, ఆకలేస్తోంది పెట్టమన్నాడు. కడుపునిండా తిన్నాడు. పోలీసులు తలుపు కొట్టేదాకా నాకేమీ తెలీదు. ఆరేళ్లుగా జైలుకెళ్లి చూసొస్తున్నా. ఒక్క చుక్క రాల్చలేదు. వాడు ఏడిస్తే చూడాలని నాకూ ఉంది, కన్నదాన్ని కదా. అందుకే వచ్చా. తెర మీద ఏడుస్తున్నది ఎవరో. వాడు కాదు."

"ఈ మాట వాళ్లకు చెప్పు తల్లీ" అని బాబాయి హాలు వైపు చెయ్యి చూపించాడు.

"చంపినవాడి తల్లి మాట ఎవరు వింటారన్నయ్యా? ఈ బొమ్మ వచ్చాక, ఇది వాడి కథేనని జనానికి తెలిసిపోయి వాడికి జైలుకు ఉత్తరాలు వస్తున్నాయట. నీ బాధ అర్థమైంది అని రాస్తున్నారట. మొన్న నన్ను చూసి నవ్వాడు. 'చూశావా, తప్పు దానిదేనని అందరూ అంటున్నారు' అన్నాడు. ఎప్పటికైనా తప్పు ఒప్పుకుంటాడని ఒక్క ఆశ ఉండేది. ఇంక ఒప్పుకోడు."

ఆమె ముసుగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆట వదిలారు. కళ్లు తుడుచుకుంటూ వస్తున్న కాలేజీ పిల్ల ఒకతె స్నేహితురాలితో, "పాపం ఆ అబ్బాయి! ఎంత ప్రేమించాడే!" అంది. బాబాయికి ఇక ఉండబట్టలేదు.

"ప్రేమ కాదమ్మా. ఆ పిల్ల వాణ్ని రావద్దంది, అంతే. నాకు తెలుసు."

ఆ అమ్మాయి బిత్తరపోయి, మరుక్షణం నవ్వేసింది. "సినిమాయే కదా అంకుల్! ఎందుకంత సీరియస్?" అనేసి మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే నాలుగో వారం అని బోర్డు మీద చీటీ అంటించారు.

హంతకుల కథలు చెప్పుకోవద్దని ఎవరూ అనరు. ఆ చీకటి మనసు ఎలా తయారైందో చూడాల్సిందే. కానీ చంపినవాడికి లేని కన్నీళ్లు తగిలించి, చచ్చిపోయిన పిల్లకు లేని తప్పు అంటగట్టిన కథకు మనం ఈల వేసిన ప్రతిసారీ, ఎక్కడో ఒక హంతకుడు తన తప్పేమీ లేదని నిశ్చింతగా కళ్లు మూసుకుంటాడు, ఎక్కడో ఒక తండ్రి తన కూతురి తరఫున ఒక్క మాట చెప్పే చోటు లేక నిలబడిపోతాడు.