అర్జీలో మూడో పేజీ

చెన్నై పురసవాక్కంలో జాకెట్లు కుట్టే కోకిల ఎనిమిది నెలలుగా ఒకటే పట్టు మీద ఉంది. వాళ్ల వీధిలో రోడ్డు మీదే పట్టాలేసి లైట్ రైలు నడుపుతారట. దానికోసం ఇళ్ల ముందుభాగాలు కొట్టేస్తారట. ఆమె బావ వెంకటపతి, బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, అది వద్దని ఇంగ్లీషులో అర్జీ రాశాడు. తనకు ఇంగ్లీషు చదవడం రాకపోయినా, ఇల్లిల్లూ తిరిగి నాలుగు వందల పన్నెండు సంతకాలు తెచ్చింది కోకిల.

వెనకసందులో ఇడ్లీలమ్మే సత్యభామ కూడా పెట్టింది. "మా సందుకు రైలు రాదు గదక్కా. నువ్వు అడిగినావని పెడతా ఉండాను" అంది.

కల్యాణమండపంలో జనాభిప్రాయం అడిగే రోజున ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అధికారి లేచి, "మీ అర్జీ ఒప్పుకున్నాం. రైలు మీ వీధికి రాదు" అన్నాడు. హాలంతా చప్పట్లు. సత్యభామ కోకిల చెయ్యి పట్టుకుంది.

తెర మీద మ్యాపు పడింది. రైలు దారి చూపించే ఎర్రగీత వీధి చివర్లో వెనక్కి తిరిగింది.

"మూడో పేజీలో మీరే సూచించినట్టు వెనకసందు మీదుగా తీసుకెళ్తాం. అక్కడి ఇరవైమూడు ఇళ్లు తీసేసి, వాళ్లకు వేరేచోట ఇస్తాం" అన్నాడు అధికారి.

తప్పుగా విన్నాననుకుంది కోకిల. మ్యాపు మళ్లీ చూసింది. సత్యభామ చెయ్యి లాగేసుకుంది.

"ఇదా నువ్వు నాతో సంతకం పెట్టించింది?"

నాకు తెలీదని చెప్పాలనుకుంది కోకిల. లేచి ముందు వరసలో ఉన్న వెంకటపతి దగ్గరికి పోయింది.

"బావా, ఆ పేజీ మీరు రాసిందేనా?"

"ఇంకో దారి చూపించకపోతే వాళ్లు వినరు కోకిలా. ఆ సందులో ఇంటిపట్టా ఉండేవాళ్లు ఎంతమంది?"

ఆయన ముఖంలో సిగ్గు లేదు. తన మొగుడు ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ వరండాలో కాపలా కూర్చున్న మనిషి ఈయనే. కోకిల వేదిక ఎక్కింది. మైకు అందుకుంది.

"ఆ అర్జీలో మొదటి సంతకం నాది. వెనక్కి తీసుకుంటా ఉండాను."

"అది రికార్డులోకి పోయిందమ్మా. అభ్యంతరముంటే ముప్పై రోజుల్లో కొత్తగా రాసివ్వండి."

మరునాడు కుట్టుమిషను మూసేసి, సందులో ఇళ్లు కూడా తియ్యొద్దని తమిళంలో కొత్త అర్జీ రాయించుకుని బయల్దేరింది. ప్రతి ఇంటి ముందూ అక్షరం వదలకుండా చదివి వినిపించింది. అంతకుముందు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టిన వాళ్లు ఇప్పుడు గ్రిల్లు తలుపు తియ్యకుండానే మాట్లాడారు. తన వీధిలో ఏడుగురే పెట్టారు. సందులో అందరూ పెట్టారు, సత్యభామ ఆఖర్న. రెండుసార్లు చదివించుకుంది. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. సంతకం చేసి, అక్కా అని పిలవకుండా లోపలికెళ్లిపోయింది.

రెండు నెలలకు జవాబొచ్చింది. సర్వే మళ్లీ చేస్తారు, అప్పటిదాకా ఏ ఇల్లూ ముట్టుకోరు. గీత ఈసారి ఎటు తిరుగుతుందో, తన ఇంటి మీదికే వస్తుందో, కోకిలకు తెలీదు. ఉత్తరాన్ని తీసుకుని, ముందు సందులోకే నడిచింది.