మూతల మీద రాత

“పేరు మూత మీద కాదు, డిష్ మీద రాయండర్రా!” అని, కణాలు పెంచే ఆ చిన్న పళ్లేలు చూపించి, ఇరవై ఆరేళ్లుగా ఈ ల్యాబ్‌లో ప్రతివాళ్ల చెవులూ చిల్లులు పడేలా అరిచిన టెక్నీషియన్‌ని నేను. చివరికి ఆ తప్పు చేసిందీ నేనే. అదీ మా చెల్లెలి ప్రయోగంలో.

క్యాన్సర్ కణం తన ఆర్‌ఎన్‌ఏకి చిన్న రసాయన ముద్ర వేసుకుంటుందట. ముద్ర ఉంటే కణంలో అలారం మోగదు, మన రక్షక కణాలు అటు కన్నెత్తి చూడవు. మందుతో ఆ ముద్ర పడకుండా చేస్తే దొంగ దొరికిపోతాడని మా చెల్లి నమ్మకం. నాలుగేళ్లు దీనికే ధారపోసింది. నెలాఖరుకి తేలకపోతే ఆపేయమన్నారు ప్రొఫెసర్.

తేలింది, తలకిందులుగా. రెండు డిష్‌లలోనూ క్యాన్సర్ కణాలతో పాటు రక్షక కణాలూ వేశాం. మందు వేసిన డిష్‌లో క్యాన్సర్ కణాలు దిట్టంగా ఉన్నాయి, వేయనిదాంట్లో చచ్చాయి. చెల్లి మొహంలో నెత్తురుచుక్క లేదు. అప్పుడు చూశాను, నా అక్షరాలు మూతల మీద! కణాలకి పోషక ద్రవం మార్చేటప్పుడు రెండు మూతలూ ఒకేసారి తీశాను కూడా.

“మూతలు మారి ఉంటాయి సార్. తప్పు నాదే,” అన్నాను అందరి ముందూ.

ప్రొఫెసర్ మొహం వెలిగింది. “అయితే మనం అనుకున్నదే వచ్చిందన్నమాట! తిప్పి రాసేద్దాం.”

“వద్దు సార్,” అంది చెల్లి. “మారాయో లేదో ఎవరికీ తెలీదు. నాకు అనుకూలంగా ఉందని తిప్పి రాస్తే ఎలా? మళ్లీ చేస్తాను. మేడమ్ మందు కలిపి అంకెలు వేస్తారు. ఏది ఏదో నాకు చెప్పరు.”

చుట్టరికం గుమ్మం బయటే వదలాలని, ల్యాబ్‌లో మేడమ్ అనాలని షరతు పెట్టింది నేనే.

“చేతికొచ్చిన అవకాశాన్ని కాలదన్నుకుంటావేంటే?” వరండాలో కసిరాను.

“ఊరుకోండి మేడమ్,” అని నవ్వింది. అసాధ్యురాలు!

ఆరు డిష్‌లు. ఈసారి అంకెలు అడుగున. ఏది ఏదో రాసిన చీటీ కవర్లో పెట్టి అంటించి కోటు జేబులో వేసుకున్నాను. ఐదు రోజులు ఒకే ఇంట్లో తిన్నాం, పడుకున్నాం. అది అడగలేదు, నేను చెప్పలేదు.

నెలాఖరు రోజున అందరి ముందూ చెల్లి చదివింది. “రెండు, మూడు, ఆరులో క్యాన్సర్ కణాలు దాదాపు మిగల్లేదు.”

కవరు చింపాను. మందు వేసినవి రెండు, మూడు, ఆరు.

“మధ్యలో ఎవరూ ఆ చీటీ చూడలేదని నమ్మకమేంటి?” పక్క ల్యాబ్ నుంచి వచ్చిన పెద్దాయన అడిగారు.

“అది మా అక్క దగ్గరుంది సార్,” అంది చెల్లి. “తన తప్పు తనే అందరి ముందూ ఒప్పుకున్న మనిషి.”

షరతు తప్పినందుకు గద్దించాల్సింది. చీటీ మడిచి మళ్లీ కోటు జేబులో వేసుకున్నాను.