ఎక్కడా నొక్కని బూట్లు

దైవాశీర్వాదం మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్ళినప్పుడు గంటసేపు కూడా మంచు మీద నిలబడలేకపోయాడు. కొండ కింద అద్దెకిచ్చిన ప్లాస్టిక్ బూట్లు కాళ్ళని బిగించి పట్టేశాయి. ముంగాళ్ళు ఒరుసుకుపోయాయి, వేళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కి నలిగాయి. కూతురు అబిగేల్ "ఇంకొక్క రన్ డాడీ, ప్లీజ్" అని బతిమాలుతున్నా వినకుండా బూట్లు విప్పేసి, కొండ కింది లాడ్జి విశ్రాంతి హాల్లో కాఫీ కప్పు పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. అద్దాల్లోంచి చూస్తే కొండ మీద అందరూ హెల్మెట్లతో, కళ్ళద్దాలతో ఒక్కలాగే కనిపించారు. అందులో తన పిల్ల ఎవరో పోల్చుకోలేకపోయాడు.

ఆ సంగతి ఆయన్ని చాలాకాలం బాధపెట్టింది. ఒక్కతే కూతురు. చిన్నప్పుడు వాళ్ళుండే ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ల మధ్య ఆయన వేలు పట్టుకుని చెరువు గట్టున బాతుల్ని చూపించమనేది. హైస్కూల్‌కి వచ్చాక గది తలుపు మూసుకోవడం మొదలుపెట్టింది. ఆదివారం తెలుగు చర్చికి వస్తుంది గానీ పాటల పుస్తకం తెరవదు, ఫోన్ చూసుకుంటుంది. స్కూల్లో స్కీ క్లబ్బులో చేరాక మాత్రం ఒక్క విషయంలో తండ్రి మళ్ళీ అవసరమయ్యాడు. "నువ్వూ నేర్చుకో డాడీ, మనిద్దరం వెళ్దాం" అంది. ఆమె తనంతట తాను ఆయన్ని రమ్మని పిలిచేది ఆ ఒక్కదానికే.

ఆయన ఒక మందుల కంపెనీలో ప్రోగ్రామర్. ఆఫీసులో అందరూ డేవ్ అంటారు. భార్య విమలకుమారి పళ్ళ డాక్టర్ దగ్గర బిల్లింగ్ చూస్తుంది. ఆయనకి షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. మాత్రలు వేసుకునేవాడు, అన్నం తగ్గించమంటే నవ్వేసేవాడు. ఒక రెండేళ్ళు అరికాళ్ళ మంటలు ఆయన్ని పీల్చి పిప్పి చేశాయి. కారం పూసినట్టుండేది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. విమల రోజూ కొబ్బరినూనె రాసి, ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేసేది.

ఆ రెండో ఏడు వేసవిలో మంటలు వాటంతటవే తగ్గిపోయాయి. ఒక ఆదివారం చర్చిలో దైవాశీర్వాదం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. "డాక్టర్ల వల్ల కానిది ప్రభువు చేశాడండి. ఇప్పుడు నాకు ఏ మంటా లేదు, హాయిగా నిద్రపడుతోంది" అన్నాడు. సంఘమంతా హల్లెలూయ అంది. పాస్టర్ అయ్యగారు తల మీద చెయ్యి ఉంచి స్తోత్రం చెల్లించారు. ఆ తర్వాత పాదాల డాక్టర్ అపాయింట్‌మెంట్ వస్తే ఫోన్ చేసి క్యాన్సిల్ చేశాడు. మంటే లేనప్పుడు చూపించుకోవడానికి ఏముంది అనుకున్నాడు. విమల కూడా సరేనంది. నూనె సీసా మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నవంబర్‌లో పక్క ఊరి హైస్కూల్ జిమ్‌లో వాడిన స్కీ సామాన్ల అమ్మకం పెట్టారు. ఏటా అక్కడి స్కీ క్లబ్బువాళ్ళు పెట్టేదే. పిల్లలు పెరిగిపోయి పొట్టివైపోయిన జాకెట్లు, గీతలు పడ్డ హెల్మెట్లు, జతలు జతలుగా తాళ్ళతో కట్టిన స్కీలు. బాస్కెట్‌బాల్ కోర్టు పొడుగునా టేబుళ్ళ మీద బూట్లు. హాలంతా చెమ్మగిల్లిన సాక్సుల వాసన. అబిగేల్ తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఎన్నాళ్ళకో పట్టుకుంది.

"బూట్స్ ఇంపార్టెంట్ డాడీ. మిగతాది ఏదైనా ఓకే. బూట్స్ కంఫర్టబుల్‌గా లేకపోతే నువ్వు మళ్ళీ కాఫీ తాగుతూ కూర్చుంటావ్."

"ఈసారి కూర్చోను. చూద్దువుగాని."

క్లబ్బు తరఫున నిలబడ్డ ఒక పెద్దావిడ ఆయన పాదాన్ని కొలత పలక మీద పెట్టి కొలిచింది. ఆ సైజు జత ఒకటి తెచ్చి ఇచ్చింది. వేసుకుని నిలబడ్డాడు. కాళ్ళకేమీ లేనట్టే ఉంది. బకిల్స్ బిగించినా అంతే, నీళ్ళలో నిలబడ్డట్టుంది.

"వదులుగా ఉన్నాయి" అన్నాడు.

ఇంకో జత తెచ్చింది. అవీ వదులే అన్నాడు. మూడో జత కొంచెం చిన్నది, నల్లవి, మడమ దగ్గర ఎవరో స్టిక్కర్ పీకేసిన గుర్తు. అవి వేసుకునేందుకు అబిగేల్ మోకాళ్ళ మీద కూర్చుని లాగాల్సి వచ్చింది. లోపలికి వెళ్ళాక దైవాశీర్వాదం ముఖం విప్పారింది. ఎవరో రెండు చేతులతో పాదాన్ని మెత్తగా పట్టుకున్నట్టుంది. నొప్పి అనేదే లేదు.

"ఇవి! ఇవి బావున్నాయి."

పెద్దావిడ సందేహంగా చూసింది. "ఇవి మీ కొలతకి చిన్నవండీ. బాగా బిగుతుగా అనిపించాలే మీకు."

"లేదండీ. సరిగ్గా సరిపోయాయి."

"డాడీ, స్ట్రెయిట్‌గా నిలబడు. టోస్ ముందు టచ్ అవుతున్నాయా?"

"అవుతున్నట్టే ఉన్నాయి."

"నీస్ బెండ్ చెయ్యి. ఇప్పుడు టోస్ వెనక్కి వచ్చాయా?"

"ఆ, వచ్చాయి" అన్నాడు. వచ్చాయో లేదో ఆయనకి తెలియలేదు. కానీ పిల్ల అంత ఆశగా ముఖంలోకి చూస్తుంటే తెలియలేదని ఎందుకు చెప్పాలి?

"ఎక్కడైనా హర్ట్ చేస్తోందా? నిజం చెప్పు."

"ఎక్కడా నొక్కట్లేదు తల్లీ. ఒట్టు."

అబిగేల్ చప్పట్లు కొట్టింది. తండ్రికి ఎర్ర జాకెట్ ఒకటి, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు ఒకటి తనే ఏరింది. జాకెట్ చేతులు పొట్టిగా ఉన్నాయని విమల ఇంట్లో నవ్వింది. "ఈ వయసులో మీకిదేం సరదా అండీ" అంటూనే జిప్పు ఊడిపోతే కుట్టించి ఇచ్చింది.

జనవరిలో ఒక శనివారం తెల్లారకుండానే బయల్దేరి తండ్రీకూతుళ్ళు పొకొనోస్ కొండలకి వెళ్ళారు. ఎండ కాసింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం ఉన్న వాలు మీద అబిగేల్ ఆయన ముందు వెనక్కి తిరిగి జారుతూ, "పిజ్జా డాడీ, పిజ్జా!" అని అరిచేది. స్కీల ముందు కొసలు దగ్గరికి చేర్చి పిజ్జా ముక్కలా పెడితే వేగం తగ్గుతుంది. ఆయన పెట్టలేక పడిపోయేవాడు. పడి నవ్వేవాడు. ఆమె వచ్చి లేపేది. పక్కన నాలుగేళ్ళ పిల్లలు ఆయన్ని దాటి జారిపోతుంటే ఇద్దరూ ఇంకా నవ్వారు. మధ్యాహ్నానికి ఆయన కింద దాకా పడకుండా వచ్చాడు. అబిగేల్ రెండు చేతులూ పైకెత్తి గంతులేసింది. ఆ పిల్ల తన కోసం అంత సంతోషపడటం ఆయన చూసి చాలా ఏళ్ళయింది.

లాడ్జిలో అందరూ బకిల్స్ వదులు చేసుకుని అమ్మయ్య అంటున్నారు. ఆయన బిగించినవి బిగించినట్టే ఉంచుకుని శాండ్‌విచ్ తిన్నాడు.

"నీకు నొప్పి లేదా డాడీ? నాకే ఉంది."

"మంచి బూట్లు ఏరావు నువ్వు" అన్నాడు గర్వంగా.

కొండ మీదికి తీసుకెళ్ళే లిఫ్టు ఆపేసేదాకా ఆడారు. చీకటి పడుతుండగా పార్కింగ్ లాట్‌లో కారు డిక్కీ అంచున కూర్చుంటే అబిగేల్ ఆయన బూటు పట్టుకుని లాగింది. కుడికాలిది రాలేదు. రెండు చేతులతో లాగితే ఒక్కసారిగా ఊడి వచ్చింది. ఆమె బూటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"డాడీ. బ్లడ్."

"ఎక్కడ?" అన్నాడాయన. ఆమె చేతుల వైపు చూశాడు, ఆమెకి దెబ్బ తగిలిందేమోనని.

బూడిదరంగు సాక్సు ముందు సగం నల్లగా తడిసి ఉంది. విప్పితే బొటనవేలి గోరు ఊడి సాక్సుతోపాటు వచ్చేసింది. వేలి పక్కన చర్మం లేచిపోయి లోపలి కండ కనిపిస్తోంది. దైవాశీర్వాదం ఆ పాదాన్ని చూశాడు. అది తనదేనని నమ్మకం కలగలేదు. వేలితో నొక్కి చూశాడు. ఏమీ లేదు.

"హర్ట్ చెయ్యట్లేదా?" అంది అబిగేల్.

"లేదమ్మా. చూడటానికే అలా ఉంది. పైపైన గీసుకుంది, అంతే." టిష్యూలు చుట్టి పొడి సాక్సు తొడుక్కున్నాడు. "మమ్మీకి చెప్పకు. చెప్తే ఇంక మనల్ని పంపదు."

 అబిగేల్ తలూపింది.

ఆయన రోజూ బాత్‌రూమ్‌లో తలుపేసుకుని పుండు కడిగి, మందు రాసి, కట్టు కట్టేవాడు. ఇంట్లోనూ సాక్సులు విప్పలేదు. చలి అన్నాడు. ఆఫీసుకి ఎప్పటిలాగే వెళ్ళాడు. నొప్పి లేదు కాబట్టి మానుతోందనే అనుకున్నాడు. అబిగేల్ రెండుసార్లు మెల్లిగా అడిగింది, "ఓకేనా డాడీ?" అని. "ఫస్ట్ క్లాస్" అన్నాడు.

మరుసటి వారం ఆదివారం ఆరాధన మధ్యలో ఆయనకి చలిజ్వరం వచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి విమల సాక్సు లాగింది. వాసనకి ముఖం పక్కకి తిప్పుకుంది. మళ్ళీ తిరిగి చూసింది. వేలు నల్లబడింది. ఎర్రటి చార పాదం మీదుగా పైకి పాకుతోంది.

"ఏవండీ, ఏంటిది? ఎప్పటినుంచి?"

గుమ్మంలో నిలబడ్డ అబిగేల్ ఏడవడం మొదలుపెట్టింది.

హాస్పిటల్లో యాంటీబయాటిక్ ఎక్కించాక ఒక చిన్నవయసు డాక్టరమ్మ వచ్చింది. చేతిలో పుల్ల లాంటిది, దాని కొసన సన్నటి నైలాన్ దారం. "కళ్ళు మూసుకోండి. నేను పాదం మీద తాకినప్పుడల్లా చెప్పండి" అంది.

దైవాశీర్వాదం కళ్ళు మూసుకున్నాడు. విమల మంచం కాళ్ళవైపు నిలబడి చూస్తోంది. డాక్టర్ దారాన్ని బొటనవేలి కింద నొక్కింది. దారం వంగింది. ఆయన మాట్లాడలేదు. పాదం మధ్యలో నొక్కింది. మడమ దగ్గర నొక్కింది. రెండో పాదానికి మారింది. విమల చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన కాసేపు ఓపిగ్గా ఆగి, మర్యాదగా అన్నాడు. "నేను రెడీ అండీ. మీరు మొదలుపెట్టొచ్చు."

డాక్టర్ దారం కిందికి దించింది. "అయిపోయిందండీ" అంది.

ఆమె నెమ్మదిగానే చెప్పింది. నరాలు దెబ్బతినేటప్పుడు మంట పుడుతుంది. అవి పూర్తిగా చచ్చిపోయాక మంట ఉండదు. స్పర్శ తెలియదు గనక బిగుతైన చెప్పులే సరిపోయినట్టు అనిపిస్తాయి. అలాంటివాళ్ళు చాలామంది వస్తారు అంది.

 డాక్టర్ వెళ్ళాక విమల అంది, "సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాం కదండీ."

"మంట తగ్గిన మాట నిజమే కదా విమలా" అన్నాడాయన. 

బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ కారిడార్‌లో తల్లీకూతుళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు.

"నీకు తెలుసు" అంది విమల.

"డాడీ చెప్పొద్దన్నారు."

"రక్తం చూశావు. కళ్ళారా చూశావు. వారమంతా నా చేతి అన్నం తింటూ నా పక్కనే కూర్చున్నావు."

"నొప్పి లేదన్నారు మమ్మీ. ఐ ఆస్క్‌డ్ హిమ్. ఐ కెప్ట్ ఆస్కింగ్."

 అప్పుడు విమల పిల్లని దగ్గరికి తీసుకుని ఉంటే బావుండేది. ఆమెకి చేతులు రాలేదు. తర్వాత దైవాశీర్వాదం ఎన్నిసార్లు "దాని తప్పేం లేదు, నేనే చెప్పొద్దన్నాను" అన్నా, ఇంట్లో ఆ ఇద్దరి మధ్యా పడ్డ మౌనం కరగలేదు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. మంటల సంగతి ఎత్తకుండా జాగ్రత్తపడ్డారు. స్కీ క్లబ్బునుంచి మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. అబిగేల్ తెరవలేదు. మళ్ళీ గది తలుపు మూసుకుంది.

పుండు మానడానికి వసంతం దాకా పట్టింది. నడక వచ్చింది గానీ, డ్రైవింగ్ వద్దన్నారు. కుడిపాదానికి పెడల్ తెలియదు. విమల పొద్దున్నే పనికి వెళ్ళిపోతుంది. అప్పుడే పదిహేడు నిండి లైసెన్స్ తెచ్చుకున్న అబిగేల్ మీద ఆయన్ని క్లినిక్‌కి తీసుకెళ్ళే పని పడింది. రూట్ వన్ హైవే మీద ఆమె చాలా నెమ్మదిగా నడిపేది. వెనక కార్లు హారన్ కొట్టేవి. రేడియో పెట్టేది కాదు.

ఒకరోజు సగం దారిలో అంది, "నేను నిన్ను రమ్మనకపోతే బావుండేది."

"అలా అనుకోకు అబ్బీ. ఆ రోజు నాకు ఎంత బావుందో నీకు తెలీదు. నా జీవితంలో..."

"డాడీ, ప్లీజ్. అది చెప్పకు." ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "నువ్వు అలా చెప్తే నాకు ఇంకా వర్స్‌గా ఉంటుంది."

 ఆ రోజు గురించి చెప్పుకోవడానికి ఆయనకి ఇంట్లో ఇంకెవరూ లేరు. విమల దగ్గర ఆ మాట ఎత్తడానికి లేదు.

ముందు సిగ్నల్ పసుపు నుంచి ఎరుపుకి మారింది. ముందున్న ట్రక్కు ఆగింది. పక్క సీట్లో కూర్చున్న దైవాశీర్వాదం పాత అలవాటుకొద్దీ కుడికాలు ముందుకు చాచి బ్రేక్ వెయ్యబోయాడు. అబిగేల్ అప్పటికే కారు ఆపింది. ఆయన కిందికి వంగి చూసుకున్నాడు, పాదం నేలని నొక్కుతోందో, గాలిలోనే ఉందో తెలుసుకోవడానికి.