విచ్చుకున్న గులాబీల కషాయం

రెండు గాజు గొట్టాల్లోనూ కషాయం ఒకేలా, లేత ఎరుపుగా ఉంది. మందుల తయారీశాలలో పరీక్షలు చేసే ఆవిడను అందరూ చుక్కలమ్మ అంటారు. ఆవిడ రెండింట్లోనూ ఒక్కో చుక్క పచ్చటి ద్రావణం వేసింది. పోయినేటి గులాబీలది సిరాలా నల్లబడింది. ఈ ఏటిది కాస్త మసకబారి ఊరుకుంది.

గులాబీ తోట యజమానురాలు ఆ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇంకో చుక్క వెయ్యండి," అన్నాడు ఆమె మరిది.

"కుండతో పోసినా ఇంతే బాబూ. నల్లబడాలంటే పువ్వులో వగరుండాలి. విరేచనాలు కట్టేది ఆ వగరే. మొగ్గ విడీ విడనప్పుడు నిండుగా ఉంటుంది, రేకులు పరుచుకునేకొద్దీ తగ్గిపోతుంది. ఈసారి ఎప్పుడు కోశారు?"

"బాగా విచ్చుకున్నాక. వదిన చెప్పింది."

"అదేంటమ్మా! ఎప్పుడూ మొగ్గలేగా ఇచ్చేది?"

ఆమె పసి కూతురు పోయాక మొదటి కోతకు వెళ్లినప్పుడు, మొగ్గ మీదికి చెయ్యి పోలేదు. 'పూర్తిగా విచ్చుకోనివ్వండి, కొంపలేం మునగవు' అంది కూలీలతో. పువ్వు పెద్దదైతే మందూ ఎక్కువే ఉంటుందని తనకు తానే నచ్చజెప్పుకుంది. ఆ రోజుల్లో ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

"ఈ మందు ఎవరికైనా ఇచ్చారా?" అంది ఆమె.

"ఇచ్చాం కాబట్టే అనుమానమొచ్చింది. మా వీధి దర్జీ మనవరాలు తాగింది. తగ్గకపోగా నీరసించి స్పృహ తప్పింది. ఆసుపత్రికి పరిగెత్తారు. గండం గడిచిందిలే, నిన్న లేచి కూర్చుంది."

ఆమె చేతిలోని గొట్టాన్ని బల్ల మీద పెట్టేసింది.

"పిల్లకి ఎన్నేళ్లు?"

చుక్కలమ్మ మరిది వైపు చూసింది. అతను వద్దన్నట్టు తలాడించాడు.

"చిన్నపిల్లే," అంది చుక్కలమ్మ.

మర్నాడు ఎండెక్కకముందే ఆమె తోటలో ఉంది. మరిది బుట్ట పట్టుకుని వెనకాలే వచ్చాడు.

"నువ్వింటికెళ్లు వదినా. మేం కోస్తాంగా."

"వెళ్తే, రేపు మళ్లీ మొగ్గలు కొయ్యొద్దంటాను."

పై రేకు అప్పుడే విడుతున్న మొగ్గను వేళ్ల మధ్యకు తీసుకుంది. తెంపింది. పక్కదీ తెంపింది. మూడోది వేళ్ల సందునుంచి జారి కింద పడింది. మరిది బుట్టను దగ్గరగా జరిపాడు. ఆమె ఆపలేదు.