ఇశ్రాయేలు గారి ఎనిమిది గంటలు

నేను ఒక స్టాప్ వాచ్‌ని. పుట్టింది పరుగుపందేల కోసం. కాకినాడలో ఆటసామాన్ల కొట్లో అద్దాల బీరువాలో కూర్చుని, మెడలో ఈల వేసుకున్న డ్రిల్లు మాస్టారెవరో వస్తారని కలలు కనేదాన్ని. వచ్చింది రహీమా. అచ్చాఫీసులో ఎస్టిమేట్లు వేసే కొత్త ఉద్యోగి.

ఆవిడ రాకముందు ఎస్టిమేటంటే ఓనరు వీర్రాజు గారి ధైర్యమే. ఎంత పనైనా చెవి గోక్కుని, "ఐదు రోజులండీ, ఇచ్చేస్తాం!" అనేవారు. ఈసారి వచ్చింది పదివేల పంచాంగాలు. ఉగాది దాటితే వాటిని చూసేవాళ్లుండరు, ఆ పార్టీ మళ్లీ గడప తొక్కదు. వీర్రాజు గారి చెయ్యి అప్పుడే చెవిదాకా వెళ్లింది.

"ఒక్క రోజు ఆగండి సార్. కొలిచి చెబుతాను," అంది రహీమా.

మర్నాడు నన్ను నొక్కి మిషన్ పక్కన నిలబడింది. మిషన్ నడిపే ఇశ్రాయేలు గారిది ఇరవై రెండేళ్ల సర్వీసు. నన్ను చూసి ఉద్యోగం ఊడుతుందనుకున్నారో ఏమో, పరుగందుకున్నారు! కాగితం ఎత్తడం పరుగు, ఇంకు వెయ్యడం పరుగు. టీ కూడా మానేశారు. నాకైతే ఒళ్లు తెలియలేదు. ముల్లు గిరగిరా తిరిగిపోతోంది!

రహీమా నన్ను టక్కున ఆపేసింది.

"పరిగెత్తకండి ఇశ్రాయేలు గారూ. ఇవాళ్టి పరుగు నేను రాసుకుంటే, ఏడాదంతా మీరు పరిగెత్తాలి. రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి."

ఆయన నుదురు తుడుచుకున్నారు. "అలాగైతే ముందు టీ తాగాలమ్మా."

సాయంత్రానికి లెక్క తేలింది. ఎనిమిది గంటల్లో మిషన్ అచ్చేసింది నాలుగు. ప్లేట్లు బిగించడం, రోలర్లు కడగడం, టీలు కలిపి రెండున్నర. మిగతా గంటన్నర ఇశ్రాయేలు గారు కాగితం గోడౌను తాళంచెవి కోసం నిలబడే ఉన్నారు.

"ఎవడి దగ్గరుందది?" వీర్రాజు గారు గర్జించారు.

"మీ జేబులోనేనండీ," అన్నారు ఇశ్రాయేలు గారు.

ముందు నవ్వింది వీర్రాజు గారే. తర్వాత ఆఫీసంతా కడుపు పట్టుకుంది. తాళంచెవి అక్కడికక్కడే చేతులు మారింది.

పార్టీ తరఫున వచ్చినాయనకి ఎనిమిది రోజులని చెప్పారు. "అవతలి ప్రెస్సువాళ్లు ఐదన్నారే?" అన్నాడాయన. రహీమా గంటగంటకీ రాసిన కాగితం ముందు పెట్టింది. ఆయన చివరిదాకా చదివి, "నాకు ఐదన్నవాళ్లంతా పన్నెండు చేశారమ్మా," అని ఆర్డరిచ్చేశాడు.

ఇక అందరికీ నా పిచ్చే! బైండింగువాళ్లు ఒకరి తుమ్ములొకరు కొలుచుకున్నారు. వీర్రాజు గారి ఫోను కబుర్లు కొలవబోతే ఆయన సగంలోనే పెట్టేశారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి ఆఖరి కట్ట ఆటో ఎక్కింది.

మర్నాడు కొత్త పనొకటి వచ్చింది. రహీమా నన్ను తియ్యబోయి ఆగి, తన బల్ల ఎదుట కుర్చీ లాగింది.

"కూర్చోండి ఇశ్రాయేలు గారూ. దీనికెంతసేపు పడుతుందో మీరే చెప్పండి."

ఇరవై రెండేళ్లలో ఆయన ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. గొంతు సవరించుకుని చెప్పసాగారు. ఆవిడ రాసుకుంటోంది. ఆ పూట నన్నెవరూ నొక్కలేదు. సున్నా మీద ముల్లు పెట్టుకుని, హాయిగా విన్నాను.